కోట నుంచి కచేరీ దాకా

పినాకినీ ఎక్స్‌ప్రెస్ చెన్నై సెంట్రల్‌లో దింపేసరికి మధ్యాహ్నమైంది. డిసెంబరు కదా, ఊరంతా కచేరీలే. నేను మాత్రం ఆటోను ముందు సెయింట్ జార్జి కోట వైపు పోనిమ్మన్నాను. ఫిడేలు విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి జ్ఞాపకాల కోసం వచ్చినవాడికి కోటతో ఏం పని అంటారా? ఫిడేలు మన సంగీతంలోకి దిగిన దారి అదే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి ఇక్కడి ఇంగ్లీషు బ్యాండు విని మనసు పారేసుకుంటే, వాళ్ల పోషకుడు మణలి ముదలియారు ఒక దొర చేత నేర్పించాడని చెబుతారు. ఇప్పుడు లోపల సచివాలయం, గేటు దగ్గర పోలీసు తనిఖీ. బ్యాండు మోగిన చోట ఫైళ్లు నడుస్తున్నాయి.

అక్కణ్ణుంచి మౌంట్ రోడ్డు. 1842 నాటి మ్యూసీ మ్యూజికల్ దుకాణంలో ఒకమ్మాయి వయొలిన్ బేరం చేస్తూ నేల మీదే కూర్చుంది. వాద్యం తలను కుడి చీలమండ మీద ఆనించి, బిరడాలు తిప్పి స-ప-స-ప శ్రుతి చేసింది. తెల్లవాళ్లు దీన్ని గడ్డం కింద నొక్కి పట్టుకుంటారు. మనవాళ్లు బరువంతా కాలికీ గుండెకూ అప్పగించేసరికి ఎడమ చెయ్యి తేలికైంది. గమకం కోసం వేలు తీగ మీద ఎంత దూరమైనా జారొచ్చు.

ఎడమచేతి పనితనం చాలామందికి ఉంది. ద్వారం వారి గొప్పంతా కుడిచేతిలో, కమానులో ఉందని నా నమ్మకం. పాత రికార్డులు వినండి: కమాను ఈ కొస నుంచి ఆ కొస దాకా తెగకుండా నడుస్తుంది, నాదం బొద్దుగా, నిండుగా వస్తుంది. పాశ్చాత్య విద్వాంసుల వాద్యాన్ని ఆయన శ్రద్ధగా విన్నారు. వాళ్ల బాణీని కాదు, ఆ నాదపుష్టిని తెచ్చుకున్నారు.

1893లో బెంగుళూరులో పుట్టి విశాఖలో పెరిగారు. తొలి గురువు అన్నగారే. చూపు మందం. 1919లో విజయనగరం సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరదామని వెళితే, వాయించింది విని ఏకంగా ఆచార్యుణ్ణి చేశారట. 1936లో ఆదిభట్ల నారాయణదాసు గారి తర్వాత ప్రిన్సిపాల్ అయ్యారు. 1938లో వేలూరులో పక్కవాద్యాన్ని నడిమికి తెచ్చి సోలో కచేరీ చేశారు. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదిచ్చింది. 1964లో ఈ ఊళ్లోనే పోయారు.

ఆ అకాడమీకే వెళ్లాను. ఈ భవనం 1962 నాటిది. పగటి కచేరీకి టికెట్ అక్కర్లేదు కాబట్టి హాలు బాగానే నిండింది. గాయని తోడి ఆలాపన ముగించగానే చప్పట్లు. వయొలిన్ వంతు రాగానే నా ముందు వరుసాయన ఫోను తీశాడు, మరో ఇద్దరు క్యాంటీన్ దోవ పట్టారు. ఆ కుర్రాడు పాపం మంద్రంలో ఒక్క షడ్జాన్ని కమాను పొడవునా లాగి నిలబెట్టాడు. అంత చక్కని షడ్జానికి ఫిల్టర్ కాఫీ పోటీయా! నాకు ఒళ్లు మండింది.

బయటికొచ్చి సీజను కార్యక్రమాల పట్టిక తిరగేశాను. గాత్రాలే గాత్రాలు. వెతగ్గా మర్నాడు సాయంత్రం ఒక సభలో వయొలిన్ సోలో కనపడింది. రాత్రి బండికి తిరుగు ప్రయాణం మార్చుకుని టికెట్ కొన్నాను.