కాలు మోగుతోంది

మొదటిసారి ఫోన్ అనుకున్నాను. రాత్రి రెండు దాటింది. పరుపు కింద ఎక్కడో వైబ్రేషన్‌లో పెట్టిన ఫోన్ ఉన్నట్టు, ఎడమ అరికాల్లో జుయ్యిమంటోంది. ఆ వారం ఆన్‌కాల్‌లో ఉన్నాను. ఏదో సర్వర్ పడిపోయిందనుకుని దుప్పటి దులిపాను, దిండు ఎత్తాను. ఫోన్ హాల్లో ఛార్జింగ్‌లో ఉంది. ఒక్క మిస్డ్ కాల్ లేదు. తిరిగొచ్చి పడుకుంటే కాలు మళ్ళీ మోగింది.

ఇది మూడేళ్ళ కిందటి మాట. అప్పటికే విజయనగరం వచ్చేసి, అమ్మానాన్నల దగ్గర నుంచే ఉద్యోగం చేస్తున్నాను. నెల తిరిగేసరికి రెండో కాలికీ వచ్చింది. నొప్పి కాదు, దురద కాదు. పగలు పనిలో పడితే మర్చిపోతాను. ఇల్లు సద్దుమణిగాక మొదలవుతుంది.

అమ్మతో చెప్పాను. "తిమ్మిరెక్కిందేటి? అంతసేపు మఠం వేసుకుని కూకుంటే ఎక్కదా?" అంది. నువ్వులనూనె వెచ్చబెట్టి రాసింది. తిమ్మిరి అనే మాటలో ఒక భరోసా ఉంది. ఎక్కింది దిగుతుంది. కాలు జాడించి నాలుగడుగులు వేస్తే పోతుంది. నాది దిగలేదు.

మా ఇంట్లో కాలు అనగానే అందరికీ గుర్తొచ్చేది సుగర్. అందుకని మొదట ఆ పరీక్షే. నార్మల్. బీ12 నార్మల్, థైరాయిడ్ నార్మల్. విశాఖ వెళ్ళి నరాల డాక్టర్‌కి చూపించుకున్నాను. చిన్న చిన్న కరెంటు షాకులిచ్చి నరాల్లో సంకేతం ఎంత వేగంగా పోతోందో కొలిచారు. అదీ నార్మల్. లాగ్స్‌లో ఒక్క ఎర్రర్ లేదు, యూజర్ మాత్రం కంప్లైంట్ చేస్తూనే ఉన్నాడు. అలాంటి టికెట్లని మేం ఏం చేస్తామో నాకు తెలుసు. "మా దగ్గర ఈ సమస్య రావడం లేదు" అని రాసి మూసేస్తాం. ఇన్నేళ్ళలో నేనెన్ని మూశానో.

డాక్టర్ మూసేయలేదు. సెకనుకి 128 సార్లు ఊగే ట్యూనింగ్ ఫోర్క్ తీసి, మోగించి, నా బొటనవేలి ఎముక మీద ఆనించారు. "ఆగిపోగానే చెప్పండి" అన్నారు. మా ఊళ్ళో 1919లో పెట్టిన సంగీత కళాశాల ఉంది. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన చోటు, ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ నేర్పిన చోటు. ఆ ఊరివాణ్ణయ్యుండి, ఫోర్క్ ఎప్పుడు ఆగిందో చెప్పలేకపోయాను. ఫోర్క్ తీసేశాక కూడా నా వేలు మోగుతూనే ఉంది మరి.

ఆయన విడమర్చి చెప్పారు. పాదం దాకా వచ్చే నరాలు ఒంట్లో అన్నిటికంటే పొడవైనవి. స్పర్శని మోసే నరకణం వెన్నుపూస పక్కన ఉంటుంది, దాని కొస సుమారు మీటరు దూరంలో కాలివేళ్ళ దగ్గర. తేడా వస్తే చాలాసార్లు ముందు తెలిసేది ఆ కొసలోనే. పైగా కరెంటు పరీక్ష కొలిచేది లావుపాటి నరాలనే. మంటనీ చలినీ మోసే సన్నటి నరాలు దానికి దొరకవు. చర్మం చిన్న ముక్క తీసి ఆ నరాల కొసల్ని లెక్కపెట్టే పరీక్ష ఉంది కానీ, ఇప్పుడే అక్కర్లేదన్నారు. ఫైలు మీద "ఇడియోపతిక్" అని రాశారు. గ్రీకు మూలం చూస్తే, ఎవరికి వారికే సొంతమైన బాధ అని. కారణం తెలీదనడానికి ఎంత మర్యాదైన మాట!

బయట బెంచీ మీద నా పక్కన కూర్చున్నాయన సోంపేట వైపు నుంచి వచ్చారు. డయాలసిస్ మీద ఉన్నారు. కిడ్నీలు చెడితే పాదాల నరాలూ దెబ్బతింటాయి. ఆయనవీ అరికాళ్ళ మంటలే. ఉద్దానంలో ఇంటింటికీ తెలిసిన జబ్బది. నీళ్ళని కొందరు, ఎండలో చాకిరీ అని కొందరు, పురుగుమందులని కొందరు అంటూనే ఉన్నారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రీ, కిడ్నీ పరిశోధన కేంద్రమూ ప్రారంభమయ్యాయి. ఇదే కారణమని తేల్చిన మాట మాత్రం ఇంకా లేదు. అంత బాధ ముందు, నా రిపోర్టులన్నీ బాగున్నాయని చెప్పడానికి సిగ్గేసింది.

"మంచిదే కద బాబూ. మరి నిద్ర పడతాందా?" అన్నారు.

అప్పటిదాకా ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

వర్జీనియా వుల్ఫ్ 1926లో జబ్బు మీద ఒక వ్యాసం రాసింది. తలనొప్పిని డాక్టర్‌కి చెప్పబోతే ఇంగ్లీషు చేతికి రాదని ఆమె ఫిర్యాదు. తెలుగుకి ఆ కరువు లేదు. సలుపు, పోటు, పీకు, తీపు, చురుకు, జిల, జివ్వుమనడం, చీమలు పాకడం... ఇన్నుండీ నేను డాక్టర్ దగ్గర "టింగ్లింగ్" అన్నాను, అమ్మ దగ్గర "తిమ్మిరి" అన్నాను, స్నేహితుల దగ్గర "ఏం లేదు" అన్నాను. వినేవాళ్ళకి ఏది సులువో ఆ మాట వాడాను. "మోగుతోందా?" అని మొదట అన్నది నాన్న.

నాన్నకి ఇరవై ఏళ్ళ నుంచి సుగర్. ఒక ఏడాది దసరా వెళ్ళిన మంగళవారం, పైడితల్లి అమ్మవారి సిరిమాను చూడ్డానికి ఎప్పట్లాగే చెప్పుల్లేకుండా వెళ్ళారు. గుడికీ కోటకీ మధ్య సిరిమాను మూడుసార్లు తిరిగేదాకా నిలబడి, ఇంటికొచ్చి అన్నం తిన్నారు. గచ్చు మీద ఎర్రటి ముద్రలు చూసి అమ్మ కేకపెట్టింది. అరికాల్లో గాజుపెంకు. ఎప్పుడు దిగిందో ఆయనకి తెలీదు. పుండు మానలేదు. రెండు వేళ్ళు తీసేశారు.

నాన్న కాలికి ఉన్నది లేనట్టు. నా కాలికి లేనిది ఉన్నట్టు. మొదటి ఏడాదంతా ఈ మోత ఆగితే చాలనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడానికి భయమేస్తుంది. ఒక రాత్రి అది ఆగిపోతే, బాగైపోయినట్టా, నాన్న కాలిలా అయిపోయినట్టా? నాకెలా తెలుస్తుంది?

అందుకే రోజూ పడుకునేముందు ఫోన్ టార్చి వేసి నాన్న పాదాలు చూస్తాను. వేళ్ళ సందులు, మడమ పగుళ్ళు, పాత కుట్లు. తర్వాత నావి నేనే గోటితో గీరుకుని చూసుకుంటాను. ఆయన అడుగుతారు, "ఇవాళ మోగుతోందా?" అని. "మోగుతోంది నాన్నా."

మొన్న నా అరికాలి మీద చెయ్యి వేశారు. పెద్దవాళ్ళు కాళ్ళు ముట్టుకోకూడదని వెనక్కి లాక్కోబోయాను, ఉండమన్నారు. కళ్ళు మూసుకుని, గోడకి చెవి ఆనించినవాడిలా కూర్చున్నారు.

"నాకేం తెలీటం లేదురా" అన్నారు.

చెయ్యి మాత్రం తియ్యలేదు.