ఎంగిలి పళ్లెము

మొన్న మా యాడుబిడ్డ సీమంతమునకు నూఱుగురు భోక్తలు. మోదుగాకు విస్తళ్లు కుట్టువారు దొరకలేదు. మా సిద్దిపేట వార్డులలో నెలకొల్పిన స్టీలు బ్యాంకునుండి పళ్లెములు తెప్పింతమంటిమి. "ఊరివారి యెంగిలి కంచములా?" యని మా యత్తగారు కంటఁ దడిపెట్టిరి. ప్లాస్టిక్కు పూఁతగల కాగితపు విస్తరియే యామెకు మడి!

2022 జూలై 1వ తేదీనుండి ప్లాస్టిక్కు పళ్లెములు దేశమంతట నిషిద్ధములని చెప్పినను వినలేదు. మడిముందు చట్టమెంత? కడకు, "అత్తమ్మా, పాఱవేసిన పూఁత కుళ్లదు, ఎండకుఁ బెళుసై రేణువులగును. మన కూడవెల్లి వాగు మానేరునఁ గలియును, మానేరు గోదావరిఁ జేరును. మన యెంగిలి గోదావరి కంటింతుమా?" యంటిమి.

ఆమె కొంతతడ వూరకుండి, "బూడిదతోఁ దోమి పసుపునీళ్లు చల్లుము" అనిరి.

నూఱు పళ్లెములను దోమినది మాత్రము మేమే. పురుషులు తాంబూలము నములుచుఁ బళ్లెముల తళతళను మెచ్చుకొనిరి.