మిగిలిన గంటలు ఎవరివి?

తీరిక లేకుండా ఇటూ అటూ తిరిగే మనిషిని చూసి ‘ఆసులో కండెలా తిరుగుతున్నాడు’ అంటాం. ఆసును కంటితో చూడకుండానే మనలో చాలామంది ఈ మాట వాడేస్తుంటాం. చూడాలంటే పోచంపల్లి వైపో, ఆలేరు వైపో వెళ్ళాలి. అర్ధచంద్రాకారంగా మేకులు దించిన చట్రం ఒకటి ఉంటుంది. చీరకు పేకగా వెళ్ళే నూలును ఆ మేకుల చుట్టూ పోగు తర్వాత పోగుగా పోయాలి. ముడులు కట్టడం, రంగులో ముంచడం, మగ్గానికి ఎక్కించడం ఆ తర్వాతి మాట. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు ఆడాలి. ఒక్కొక్కసారికి మీటరు చొప్పున వేసుకున్నా, కూర్చున్నచోటు కదలకుండా చెయ్యి తొమ్మిది కిలోమీటర్లు నడిచినట్లు. నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరలకు పోస్తే లెక్క మీరే వేసుకోండి. ఇది చాలా వరకు ఇంటి ఆడవాళ్ళ వంతు. చీర కొనేవాళ్ళు అంచు చూస్తారు, రంగు చూస్తారు. భుజం నొప్పి ఎవరికి కనబడుతుంది?

ఒక కొడుక్కి కనబడింది. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశంగారు, తల్లి లక్ష్మిగారు పడే బాధ చూడలేక, 1992లో ఆసు పోసే యంత్రం తయారుచెయ్యడానికి పూనుకున్నారు. ఇంజనీరింగు చదువు లేదు, చేతిలో డబ్బు లేదు. ఏడేళ్ళు తంటాలు పడ్డాక 1999లో యంత్రం ఆడింది. దానికి తల్లి పేరే పెట్టి లక్ష్మీ ఆసు యంత్రం అన్నారు. గంటల తరబడి సాగే పని రెండు గంటల లోపే తెమలసాగింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

యంత్రాలంటే గిట్టని మనిషని మనం అనుకునే గాంధీజీ కూడా 1924లో కుట్టుమిషనుకు మినహాయింపు ఇచ్చారు. భార్య పడే శ్రమ చూడలేక సింగర్ దాన్ని తయారుచేశాడు, అది ప్రేమలోంచి పుట్టింది అని ఆయన చెప్పిన కారణం. మన ఆసు యంత్రం కూడా ఆ కోవలోదే.

ఇక్కడితో ఆపితే కథ సుఖాంతమే. కాని మా నల్లగొండ పక్కనే పాలమూరు ఉన్నది.

పాలమూరు కూలీలు తట్టాపారా పట్టి మేస్త్రీల వెంట దేశమంతా తిరిగారు. ఎక్కడ ఆనకట్ట లేస్తున్నా, కాలువ తవ్వుతున్నా అక్కడ వాళ్ళ గుడిసెలుండేవి. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరాన్నే చూడండి. అంతటి కొండలాంటి రాతికట్టడం వెనక ఎన్ని వేల చేతులున్నాయో! తర్వాత మట్టి తవ్వే పెద్ద యంత్రాలు వచ్చాయి. వందమంది తట్టలతో మోసే మట్టిని ఒక్క ఇనుపచెయ్యి ఎత్తి లారీలో పోయసాగింది.

మా ఇంటి ప్రహరీ పునాదికి అలాంటి యంత్రమే తెచ్చారు. పూట గడవకముందే పని అయిపోయింది. పాలమూరు పక్కనుంచి వచ్చి స్థిరపడిన ముసలాయన ఒకడు గట్టుమీద కూర్చుని అంతా చూశాడు. వయసులో ఉన్నప్పుడు ఆనకట్టల పనులకు వెళ్ళినవాడే. బీడీ ఆర్పి, ‘సారూ, గిది పదిమంది పని జేసింది. మంచిదే. గని దానికి ఆకలి గాదు గద! మరి ఆ పదిమంది కూలి ఎవలకు బోయింది?’ అని అడిగాడు.

అర్థశాస్త్రం పుస్తకాలు తిరగేసినా ఇంతకంటె సూటి ప్రశ్న దొరకదు. ఆసు యంత్రమూ మనుషుల చేతుల పని చేస్తుంది, మట్టి యంత్రమూ చేస్తుంది. మరి ఒకచోట దీపం వెలిగించి, ఇంకొకచోట పొయ్యి ఎందుకు ఆర్పింది? ఆసు యంత్రం వేలల్లో దొరుకుతుంది. నేతపనివాడి ఇంట్లోకే వస్తుంది. మిగిలిన గంటలు ఆ ఇంటివే. ఇంకో చీర నేసుకోవచ్చు, నడుం వాల్చవచ్చు. మట్టి యంత్రం లక్షల సరుకు. అది కంట్రాక్టరుది; మిగిలిన కూలీ ఆయనదే. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కంట్రాక్టర్లు వద్దనీ, కూలీల పని తీసేసే యంత్రాలు వీలైనంతవరకు వద్దనీ చెప్పింది ఇందుకే కాబోలు.

కీన్స్ అనే ఇంగ్లీషు ఆర్థికవేత్త 1930లో ఒక ఆశ చెప్పాడు. వందేళ్ళలో, అంటే మనుమల కాలానికి, మనిషికి వారానికి 15 గంటల పని చాలునట. గడువు దగ్గరపడింది. యంత్రాలు తమ వంతు చేశాయి. గంటలే మన చేతికి రాలేదు.

ఇది కూలీల గొడవ, మనకెందుకులే అనుకోవడానికి వీల్లేదు. మా అబ్బాయి హైదరాబాదులో కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగి. ‘నాన్నా, నేను రెండు రోజులు రాసేది ఈ కృత్రిమ మేధ పూటలో రాసిపెడుతున్నది’ అన్నాడు మొన్న ఫోనులో. ‘మరి మిగిలిన పూటలు నీకిచ్చారా?’ అని అడిగాను. ‘ఇంకో ఇద్దరి పని కూడా నాకే ఇచ్చారు’ అన్నాడు. ఆ ఇద్దరి సంగతి నేను అడగలేదు, వాడు చెప్పలేదు.

ఇంకొక చిక్కు ఉన్నది. కూలి అందని చెయ్యి సంతకు రాదు. యంత్రం కుప్పలుగా సరుకు పోస్తుంది సరే, కొనే నాథుడెవరు? ఎంత పెద్ద షావుకారైనా ఒక్కడే వంద చీరలు కట్టించలేడుగదా!

యంత్రాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. ఆపాలని కోరితే శారాజీపేట తల్లులు మనల్ని క్షమించరు. కాని కొత్త యంత్రం దిగినప్పుడల్లా ఆ ముసలాయన ప్రశ్న అడగవచ్చు. కొనుగోలు రసీదు మీద సహకార సంఘం పేరు ఉండవచ్చు. లాభంలో పనివాళ్ళకు పాలు ఉండవచ్చు. పని గంటలు తగ్గించి జీతం తగ్గించకుండా ఉండవచ్చు. ఇవన్నీ మనుషులు కూర్చుని రాసుకునే షరతులే. ఏ యంత్రమూ వీటిని తనంతట తాను రాసిపెట్టదు.