మడత

బొబ్బిలి అంటే బయటివాళ్ళకి ముందుగా యుద్ధమే గుర్తొస్తుంది. 1757 జనవరి 24న కోట తగలబడిన ఊరు అది. ఫైర్‌మ్యాన్ ఉద్యోగానికి ఆ ఊరెళుతున్న రోజు, బస్సులో నా పక్కన కూర్చున్న ముసలాయన నా పనేమిటో అడిగి తెలుసుకుని, "అయితే రెండొందలేళ్ళు ఆలీసంగా వచ్చినావు బాబూ" అన్నాడు. బస్సంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది గానీ కొంచెం పౌరుషమూ కలిగింది.

మంటల్లోకి దూకడమే ఉద్యోగమనుకుని వెళ్ళినవాణ్ణి. మొదటి నెలంతా నిప్పు మొహమే చూడలేదు. చూసినవన్నీ గొట్టాలే. పరచడం, కలపడం, విప్పడం, కడగడం, ఆరేయడం, చుట్టడం. మళ్ళీ పొద్దున్నే అదే చుట్టను విప్పించి చుట్టించేవారు. మా లీడింగ్ ఫైర్‌మ్యాన్‌ని అందరం పెద్దాయన అనేవాళ్ళం. ఆయనకి గొట్టమంటే పశువుల కాపరికి పశువు లెక్క. ఎక్కడ గాయమైందో చేత్తో తడిమి చెప్పేవాడు.

అప్పట్లో మా దగ్గర రెండు రకాలుండేవి. పాత కాన్వాసు గొట్టం నీళ్ళు నిండగానే ఒళ్ళంతా చెమటోడుస్తుంది. దాన్ని భుజాన మోసినవాడు మంట దగ్గరికి చేరేలోపే తడిసి ముద్దవుతాడు. నిజానికి ఆ చెమట మంచిదే, నిప్పురవ్వ పడినా తొందరగా కాలదు. కానీ తడిగా చుట్టి మూల పడేశామా, రెండు రోజుల్లో ముక్కవాసన, నాలుగో రోజుకి నల్లమచ్చలు, ఆ తర్వాత వేలితో పొడిస్తే చిరుగుతుంది. రెండో రకం లోపల రబ్బరు పూసిన ఆర్ఆర్ఎల్. అది చెమటోడ్చదు, తొందరగా కుళ్ళదు. అలాగని మండుటెండలో ఆరేస్తే రబ్బరు పెళుసెక్కుతుంది, నీడన గాలికి వేలాడదీయాలి. కడగడానికి మంచినీళ్ళు, మెత్తని బ్రష్షు. నూనె మరకుంటే కాస్త సబ్బు. సిమెంటు గచ్చు మీద బరబరా ఈడ్చినవాడికి పెద్దాయన దగ్గర తిట్లే తిట్లు.

గొట్టాల కొసల్ని ఒకదానికొకటి కలిపే కప్లింగుల సంగతి వేరు. గన్‌మెటల్‌వి, బరువుగా ఉంటాయి. కింద పడితే పగలవు, అదే చిక్కు. అంచు ఒక్క పిసరు నొక్కుకుపోయినా ఒక గొట్టం మేల్ వెళ్ళి ఇంకో గొట్టం ఫిమేల్‌లో సరిగ్గా కూర్చోదు. చూస్తే బాగానే కనిపిస్తుంది. నీళ్ళు వదిలాక ఊడి ఎవడి మోకాలో విరగ్గొడుతుంది. బొబ్బిలి పక్కనే గొల్లపల్లి. అక్కడ పనస దుంగని ఒకే చెక్కగా తొలిచి వీణ చేస్తారు. నేనోసారి కప్లింగు ధబీమని కింద పెట్టినప్పుడు పెద్దాయన, "గొల్లపల్లి ఎళ్ళి ఓ రోజు కూకుని రా. ఆళ్ళు వీణ ఎలాగ దించుతారో సూసి, అప్పుడొచ్చి దీన్ని ముట్టుకో" అన్నాడు. వెళ్ళలేదు గానీ మాట మాత్రం గుర్తుండిపోయింది.

చుట్టడంలో ఒక ఒడుపుంది. గొట్టాన్ని బారుగా పరిచి, సగానికి మడిచి, పొర మీద పొర సరిగ్గా కూర్చోబెట్టి, మడత దగ్గర్నుంచి చుట్టుకుంటూ రావాలి. అప్పుడు రెండు నోళ్ళూ బయటే ఉంటాయి. వాటిని పట్టుకుని చుట్టను ముందుకు విసిరితే దొర్లుకుంటూ విప్పుకుపోతుంది. మేల్ పంపుకి, ఫిమేల్ పట్టుకుని మంట వైపు పరుగు. అయితే మడత ఎప్పుడూ ఒకేచోట పడకూడదు. ఈసారి ఇక్కడ పడితే వచ్చేసారి ఓ జానెడు అటో ఇటో జరగాలి. పెద్దాయన ఇది రోజూ చెప్పేవాడు. నేను రోజూ తలూపేవాణ్ణి. నడుమ ఉన్న పాత గీత పట్టుకుని మడిస్తే పని చప్పున అయిపోతుంది. నేను అదే చేసేవాణ్ణి.

చైత్రమాసం, మిట్టమధ్యాహ్నం. ఓ పల్లె నుంచి ఫోనొచ్చింది. ఊరి పేరెందుకు లెండి. తాటాకిళ్ళ వరస, పైగా అటకల మీద గోగునార కట్టలు. మేం వెళ్ళేసరికి మూడిళ్ళు అంటుకున్నాయి. పడమటి గాలి. సందు ఇరుకు, ఫైరింజన్ లోపలికి పోదు. పెద్దాయన కళ్ళతోనే దూరం కొలిచి "ఎనిమిది" అని అరిచాడు. ఎనిమిది గొట్టాలంటే, ఒక్కోటి 15 మీటర్లు, 120 మీటర్లు. భుజానికొకటి చొప్పున రెండేసి చుట్టలు వేసుకుని పరిగెత్తాం. 63 మిల్లీమీటర్ల గొట్టం నిండిందంటే ఒక్కొక్క దాంట్లో నీళ్ళే దగ్గరదగ్గర 47 కిలోలు. ఎనిమిదీ నిండడానికే 375 లీటర్లు పోతాయి. బండిలో ఉండేదే 4500. ఆ లెక్క తర్వాత వేసుకున్నది లెండి. అప్పుడు లెక్కలెక్కడివి, ముళ్ళకంచె మీద పడకుండా, నిప్పుల మీద పడకుండా పరచడమే గగనం.

గొట్టం కొసన ధార చిమ్మే బ్రాంచి నా చేతిలో ఉంది. "వాటరాన్!" కేక వెనక్కి వెళ్ళింది. చదునుగా పడున్న గొట్టం పాములా ఒక్కో మెలికా విప్పుకుంటూ లేచి నా దాకా వచ్చింది. బ్రాంచి ముందు గాలిని కక్కింది, తర్వాత నీళ్ళు. మొదటి ఇంటి దూలం మీద ఆవిరి లేచింది. అంతే. వెనక ఎక్కడో ఫట్‌మని మోత. ధార వంగిపోయి నా కాళ్ళ ముందే పడింది.

మూడో గొట్టం, నడిమధ్యలో జానెడు పొడుగున చీలిపోయింది. సందులో తెల్లగా నీళ్ళు చిమ్ముతుంటే పిల్లలు కేరింతలు కొట్టారు. పంపు ఆపించి, కొత్త చుట్ట తెచ్చి, పాతది లాగేసి కలిపేసరికి రెండు నిమిషాలు పట్టిందో మూడు పట్టిందో. ఆలోగా నాలుగో కప్పు అంటుకుంది. ఆ ఇంటి ముసలమ్మ నా మీద అరవలేదు. "ఏటి బాబూ, మీ గొట్టమే పగిలిపోనాదేటి?" అంది, నా మీద జాలిపడుతున్నట్టు.

బండిలో నీళ్ళయిపోయాక గెడ్డలో మిగిలిన మడుగులోకి సక్షన్ గొట్టం దింపాం. స్ట్రైనరుకి బురద పట్టకుండా వెదురు తట్టలో పెట్టి. సాయంత్రానికి ఆరింది. మనుషులెవరికీ ఏమీ కాలేదు. గోగునార మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. పైకి ఆరినట్టే ఉండి కట్ట లోపల రాజుకుంటూనే ఉంటుంది. ఒక్కో కట్టా విప్పి, విదిలించి తడపడానికి చీకటి పడింది.

స్టేషనుకి వచ్చి గొట్టాలు కడుగుతుంటే పెద్దాయన ఆ చీలినదాన్ని లైటు కింద పరిచాడు. ఏమీ అనలేదు. "నువ్వు ఎప్పుడూ మడిసినట్టు మడువు" అన్నాడు. మడిచాను. నా చేతులకి అలవాటైన చోటు అవే వెతుక్కున్నాయి. చీలిక సరిగ్గా మడత మీద పడింది, గీత గీసి కోసినట్టు. ఆయన లేచి అన్నానికి వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేదని ఆ రాత్రంతా అనుకున్నాను. ఆ ముసలమ్మ ఇంటికి వారం తర్వాత ఒక్కణ్ణే వెళ్ళి, కొత్త తాటాకు పైకి అందించి వచ్చాను. ఎందుకొచ్చానో ముసలమ్మకి చెప్పలేదు.

ఏటా ఏప్రిల్ 14 నుంచి అగ్నిమాపక వారోత్సవాలు చేస్తాం. 1944లో అదే రోజున బొంబాయి రేవులో ఓడ పేలి 66 మంది ఫైర్‌మ్యాన్లు చనిపోయారు, వాళ్ళ జ్ఞాపకార్థం. బడిపిల్లలు వచ్చి గొట్టాన్ని విసిరి చూపించమనేవాళ్ళు. విసరడం చూపించేవాణ్ణి. చుట్టడం కూడా చూపిస్తానంటే ఒక్కడూ నిలబడేవాడు కాదు.

చీలిన గొట్టాన్ని చీలిక దగ్గర కోసి, పాత కప్లింగులు వేసి, వైరు బిగించి కట్టి, రెండు పొట్టి ముక్కలు చేశాం. ఒకటి డ్రిల్లుకి పోయింది. రెండోదాంతో నేనక్కణ్ణుంచి బదిలీ అయ్యేదాకా బండి కడిగాం.