ఆగ నేర్చిన పరుగు

దూరపు పరుగులలో మారథాను పరుగు పేరెన్నిక గన్నది. దాని దూరము 42 కిలోమీటర్ల 195 మీటర్లు. క్రీస్తునకు పూర్వము 490వ సంవత్సరమున గ్రీసు దేశమునందలి మారథాను యుద్ధభూమినుండి ఒక వార్తాహరుడు ఏథెన్సు నగరమునకు పరుగెత్తి, విజయవార్తను చెప్పి, అక్కడనే ప్రాణములు విడిచెనని ఒక గాథ కలదు. ఆ గాథను పురస్కరించుకొని 1896వ సంవత్సరమున ఏథెన్సులో జరిగిన తొలి ఆధునిక ఒలింపిక్ క్రీడలలో ఈ పందెమును ప్రవేశపెట్టిరి. 1908లో లండను క్రీడలలో పరుగెత్తిన దూరమే 1921లో శాశ్వతముగా నిర్ణయింపబడెను. మన సీమలోని కొలతతో చెప్పవలెనన్నచో, తెనాలి స్టేషనునుండి నిడుబ్రోలు మీదుగా బాపట్ల స్టేషనువరకు రైలుపట్టాల వెంట నున్న దూరము ఇంచుమించుగా ఇంతే. రైలులో కూర్చున్నవానికి అది గంటలోపలి ప్రయాణము. పరుగెత్తువానికి అది మాసముల తరబడి చేయవలసిన సాధన.

తెనాలిలో ఒక కార్యాలయమున గుమాస్తాగా నున్న యువకుడొకడు ఇట్టి సాధనకు పూనుకొనెను. హైదరాబాదులో 2011వ సంవత్సరమున మొదలైన మారథాను పందెము సాధారణముగా ఆగష్టు నెలాఖరున జరుగును. ఆ పందెమును ముగించవలెనని అతని కోరిక. తెనాలి పట్టణము కృష్ణా కాలువల నడుమ నున్నది. చుట్టుప్రక్కల నేల అరచేతివలె చదునైనది. హైదరాబాదులోని బాటలు మిట్టపల్లములతో కూడినవి. అందుచేత అతడు ప్రతిదినము తెల్లవారుజామున కాలువగట్టుపై పరుగెత్తి, వారమునకొకసారి రైలుపట్టాల మీది వంతెనను పదేసిమార్లు ఎక్కి దిగుచుండెను. ప్రతి ఆదివారము దూరపు పరుగు. మొదటి వారము 10 కిలోమీటర్లు, పిదప 12, 15, 18. ఈ విధముగా దూరమును మెట్టుమెట్టుగా పెంచుచు, పరుగెత్తిన ప్రతి కిలోమీటరును ఒక నోటుపుస్తకమున వ్రాసికొనుచుండెను. పదునొకండు వారములలో ఆ పుస్తకమున ఒక్క గడియైనను ఖాళీగా లేదు. అదియే అతని గర్వము.

అతని అక్క కాపురము రేపల్లెలో. ఆమె కుమారుడు ఎనిమిదవ తరగతి చదువుచుండెను. మేనమామ పరుగనిన ఆ బాలునికి ప్రాణము. మేనమామ రేపల్లె వచ్చినపుడెల్ల సైకిలుపై నీళ్లసీసాలు తగిలించుకొని వెనువెంట పోవుచుండెను. ఒకనాడు బాలుడు బద్ధకించి లేవకపోగా మేనమామ, "ఒక్కరోజు మానితే పది రోజులు వెనకబడతాం, గుర్తుంచుకో" అని మందలించెను. బాలుడా మాటను మనసున నాటుకొనెను.

జూలై మాసమున రెండవ శనివారపు సెలవు వచ్చెను. పందెమునకు ఆరు వారములు మిగిలియుండెను. ఆదివారమునాడు రేపల్లె కాలువ వెంట 30 కిలోమీటర్లు పరుగెత్తవలెనని యువకుడు నిశ్చయించుకొనెను. అది అతని సాధనలో అన్నింటికంటె పెద్ద పరుగు. ఈలోగా బాపట్లలోని చిన్ననాటి మిత్రుడు గృహప్రవేశమునకు పిలిచెను. శుక్రవారము సాయంకాలమే మేనల్లుడు రేపల్లె బండిలో తెనాలి వచ్చెను. మేనమామ అతనిని వెంటబెట్టుకొని ఒక హోటలులో పెసరట్టు ఉప్మా తినిపించి, తానును తినెను. మరునాటి యుదయము ఇరువురును బాపట్ల చేరిరి.

గృహప్రవేశపు విందు ఘనముగా నుండెను. పూర్ణాలు, పులిహోర, గుత్తివంకాయ కూర, గోంగూర పచ్చడి, గడ్డపెరుగు, ఒకదాని వెంట నొకటి విస్తరిలో పడుచుండెను. "పరుగుల పిల్లవాడు, ఇంకొంచెం వడ్డించండి" అని మిత్రుని తల్లి కొసరి కొసరి వడ్డింపజేసెను. సాయంకాలము మిత్రులందరు కలసి సూర్యలంక సముద్రతీరమునకు పోయిరి. అక్కడ బండ్లపై అమ్ము మిరపకాయ బజ్జీలు, వేయించిన చేపముక్కలు, మంచుగడ్డ గోకి రంగు పోసిన షరబత్తులు బాలుని ఆకర్షించెను. మేనమామయు కాదనలేకపోయెను. ఇంటి వెలుపల భోజనము చేయుట తప్పు గాదు. కాని వానకాలపు తొలిదినములలో నీరు కలుషితమగుట సామాన్యము. కలుషితమైన నీటితో చేసిన మంచుగడ్డకు రంగు గలదు గాని హెచ్చరిక లేదు. రోగక్రిములు వాసనచేతగాని రుచిచేతగాని తెలియబడవు.

ఆ రాత్రి రేపల్లె పోవు బస్సులోనే యువకునికి కడుపులో నొప్పి యారంభించెను. అక్క యిల్లు చేరునప్పటికి వణకు పుట్టెను. రాత్రి రెండుమార్లు వాంతి, నాలుగుమార్లు విరేచనము అయ్యెను. ఒళ్లు పెనమువలె కాలుచుండెను. అక్క గాభరాపడి మజ్జిగ తేట ఇచ్చి, "తెల్లారగానే డాక్టరు దగ్గరికి పోదాం తమ్ముడూ" అనెను. అతడు సరేననెను గాని అతని చిత్తము వేరుగా నుండెను. నోటుపుస్తకములోని ఖాళీ గడి అతని కన్నులయెదుట కదలాడుచుండెను. పదునొకండు వారములుగా విడువని నియమమును ఒక్క కడుపునొప్పికి లొంగి విడుచుటయా? జ్వరము దేహమునకే గాని సంకల్పమునకు రాదు గదా? ఇట్లు తర్కించుకొని, ఎవరికిని చెప్పక, గడియారమున నాలుగు గంటలకు మేలుకొలుపు పెట్టుకొని పరుండెను.

నాలుగు గంటలకు లేచి బూట్లు తొడుగుకొనెను. వంగి తాళ్లు కట్టుకొనుచుండగా కండ్లు చీకట్లు క్రమ్మెను. గోడ పట్టుకొని నిలువబడి, మెల్లగా తలుపు తెరచెను. అరుగు ప్రక్కన మేనల్లుడు సైకిలు పట్టుకొని నిలిచియుండెను. రెండు నీళ్లసీసాలును నింపి తగిలించియుండెను. వీధిదీపపు వెలుతురులో వాని ముఖము పాలిపోయి, పెదవులు ఎండియుండెను. మేనమామ వాని చేయి పట్టుకొని చూచెను. అదియు తన చేతివలెనే కాలుచుండెను.

"ఏరా, నీకూ జ్వరమేనా? అమ్మకు చెప్పలేదేం?"

"నాకేం లేదు మామయ్యా. రాత్రి రెండుసార్లు దొడ్లోకి వెళ్లానంతే. చెబితే అమ్మ రానివ్వదు. ఒక్కరోజు మానితే పది రోజులు వెనకబడతామని నువ్వేగా చెప్పావు! ముప్పై కిలోమీటర్లూ నీ వెనకే వస్తాను."

ఆ మాటకు యువకుని కాళ్లలోని బలము పూర్తిగా తొలగిపోయెను. తాను పరుగెత్తినచో ఈ బాలుడు వెంటవచ్చును. ఊరు దాటినపిదప, కాలువగట్టుపైన, ఎవరును లేనిచోట వీడు సైకిలుమీదనుండి పడిపోయినచో గతి యేమి? ముందు తానే పడిపోయినచో వీడేమి చేయగలడు? బాలుని దేహమునుండి కోరరాని కష్టమును తన దేహమునుండి మాత్రము ఏ న్యాయముచే కోరుచున్నాడు? అతడు అరుగుపై కూలబడి బూట్ల తాళ్లు విప్పెను. "సైకిలు లోపల పెట్టరా. ఇవాళ ఇద్దరం పరుగెత్తటం లేదు" అనెను.

ఉదయమున వైద్యుడు ఇరువురిని పరీక్షించి, యువకుని సాహసము విని తల యూపెను. తరువాత ఓర్పుతో ఇట్లు బోధించెను. జ్వరము వచ్చినపుడు మనిషి కదలక పరుండినను గుండె సాధారణముకంటె వేగముగా కొట్టుకొనుచుండును. అట్టి గుండెపై పరుగు భారము మోపుట అలసిన ఎద్దుచే మరల కాడి మోయించుట వంటిది. కొన్ని జ్వరములలో రోగక్రిములు గుండె కండరమునకే వాపు కలిగించును. అట్టి సమయమున తీవ్రశ్రమ చేసినచో, అరుదుగా నైనను, ప్రాణాపాయము కలదు. వాంతులు, విరేచనములచే దేహములోని నీరును లవణములును వెలుపలికి పోవును. జూలై మాసపు ఉక్కలో పరుగెత్తినచో మిగిలినదియు చెమటగా పోవును. సముద్రపు గాలిలో తేమ యెక్కువగుటచే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. తల తిరిగి పడిపోవుట అక్కడనుండి ఎంతో దూరము కాదు.

వైద్యుడు వ్రాసిన మందులలో ముఖ్యమైనది ఉప్పు, చక్కెర కలసిన ఓ.ఆర్.ఎస్. పొడి. అది దొరకని యెడల ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చిన్న చెంచాల పంచదారయు, అర చెంచా ఉప్పును కలుపవలెను. చెంచాలను గుట్టగా కాక అంచునకు సమముగా కొలువవలెను. చూచుటకు స్వల్పమైన ఈ పానీయము లక్షల ప్రాణములను నిలిపినది. 1971వ సంవత్సరమున తూర్పు బెంగాలునుండి వచ్చిన శరణార్థుల శిబిరములలో కలరా చెలరేగగా, బంగావ్ అను పట్టణమున దిలీప్ మహలనబిస్ అను వైద్యుడు సూదిద్వారా ఎక్కించు మందునీరు చాలక, ఈ పానీయమును డ్రమ్ములలో కలిపి రోగులచే త్రాగించెను. అంతకుముందు నూటికి 30 వరకు నున్న మరణములు ఆతని శిబిరమున 4కు లోబడినవి.

ఆ పగలెల్ల మేనమామయు మేనల్లుడును ప్రక్కప్రక్క మంచములపై పరుండి, గంటగంటకు గుక్కెడేసి ఆ నీరు త్రాగుచుండిరి. అక్క బియ్యపు జావ కాచి పోసెను. మధ్యాహ్నమునకు వాంతులు కట్టెను. అప్పుడు బాలుడు కథ చెప్పమని కోరగా యువకుడు ఇథియోపియా దేశపు అబెబె బికిలా వృత్తాంతమును చెప్పెను. బికిలా 1960లో రోము నగరమున పాదరక్షలు లేకయే మారథాను గెలిచెను. 1964లో టోక్యో క్రీడలకు సుమారు ఆరు వారముల ముందు అతనికి కడుపునొప్పి వచ్చి, అపెండిసైటిస్ అని తేలి, శస్త్రచికిత్స జరిగెను. అయినను అక్టోబరు 21వ తేదీన 2 గంటల 12 నిమిషముల 11 సెకండ్లలో పరుగు ముగించి, మరల స్వర్ణపతకము గెలిచెను.

"మరి ఆయన ఆగలేదుగా మామయ్యా?" అని బాలుడు ప్రశ్నించెను.

"ఆగాడురా. నొప్పిని దాచుకుని పరుగెత్తి ఉంటే టోక్యో దాకా వెళ్లేవాడే కాదు. ముందు వైద్యం చేయించుకున్నాడు. తరవాతే పరుగు. ఏళ్ల తరబడి చేసిన సాధన ఆ కొద్ది రోజుల్లో ఎక్కడికీ పోలేదు."

బాలుడు కొంతసేపు ఆలోచించి, "మారథాను నుంచి వచ్చిన వార్తాహరుడు మాత్రం చచ్చిపోయేదాకా పరుగెత్తాడుగా?" అనెను.

"ఆయన చేతిలో ఒక దేశపు వార్త ఉంది. నా చేతిలో ఏముంది? ఒక నోటుపుస్తకం" అని యువకుడు నవ్వెను. చెప్పునప్పుడే అతనికి ఆ మాట తనకొరకే పుట్టినట్లు తోచెను.

మంగళవారము జ్వరము విడిచినపిదప అతడు రేపల్లెలో రైలెక్కెను. భట్టిప్రోలు, వేమూరుల మీదుగా తెనాలికి 34 కిలోమీటర్లు. కిటికీనుండి కాలువగట్టును చూచుచున్నపుడు మనసు పరుగెత్తెను గాని అతడు దేహమును తొందరపెట్టలేదు. ఇల్లు చేరి పుస్తకము తెరచి, ఆదివారపు గడిలో "జ్వరము, విశ్రాంతి" అని వ్రాసెను. తరువాతి నాలుగు గడులలోను అట్లే వ్రాసెను. ఆరవనాడు గట్టుపై నడచెను. ఎనిమిదవనాడు 3 కిలోమీటర్లు మెల్లగా పరుగెత్తెను. తప్పిపోయిన 30 కిలోమీటర్లను అప్పు తీర్చినట్లు ఆ వారపు పరుగుపై కలిపి వడ్డీతో చెల్లించుటకు పూనుకొనలేదు. మూడువారములు గడచిన పిదప, బలము కుదిరినట్లు తోచిన ఆదివారమున, ఆ దూరమును పరుగెత్తెను. ముందునాటి రాత్రి ఇంట వండిన అన్నము, పప్పుచారు, పెరుగు తప్ప మరేమియు తినలేదు.

ఆగష్టు మాసమున హైదరాబాదులో అతడు 42 కిలోమీటర్లను ముగించెను. అనుకొన్న కాలముకంటె కొంత ఆలస్యమయ్యెను. అందులకు అతడు చింతింపలేదు. రేపల్లె పోయినపుడు పతకమును మేనల్లుని చేతిలో నుంచి, తన పాత మాటను సవరించెను. "ఒక్కరోజు మానితే ఒక్కరోజే మానినట్టు. జ్వరంతో ఒక్కరోజు పరుగెత్తితే మాత్రం ఎన్ని రోజులు మానాలో ఎవరూ చెప్పలేరు" అనెను.

ఆ సంవత్సరపు శీతకాలమున బాలుని పాఠశాలలో క్రీడలు జరిగెను. 800 మీటర్ల పరుగులో వాడే గెలుచునని అందరు తలచియుండిరి. పందెము నాటి యుదయమున వానికి ఒళ్లు వెచ్చబడెను. ఎవరును అడుగకమునుపే వాడు డ్రిల్లు మాస్టరు వద్దకు పోయి, "జ్వరంగా ఉందండీ, ఈసారి పరుగెత్తను" అని చెప్పెను. తోడివారు కొందరు భయపడినాడని నవ్విరి. మాస్టరు నవ్వలేదు. గమ్యపు గీత యొద్ద నీడలో కుర్చీ వేయించి, సమయము చూచు గడియారమును వాని చేతికిచ్చెను. వాడు తన మిత్రులు గీత దాటిన క్షణములను ఒక్కొక్కటిగా చదువుచు, తనకు రావలసిన పతకము మరొకని మెడలో పడుట చూచి చప్పట్లు కొట్టెను.

నిలువుట కష్టము, పరుగెత్తుట కష్టము. ఏది ఎప్పుడు చేయవలెనో తెలిసికొనుట రెంటికంటెను కష్టము. ఎనిమిదవ తరగతి బాలుడు ఆ కష్టమును తనంతట తాను, అందరియెదుట చేసెను.