తలుపు చుట్టూ రబ్బరు పట్టీ

పాత కారును చూడవచ్చినవారు ముందుగా ఇంజను శబ్దం వింటారు. టైర్లను తట్టి చూస్తారు. రంగును చేతితో నిమురుతారు. తలుపు తెరిచినప్పుడు అంచు వెంబడి కనిపించే నల్లని రబ్బరు పట్టీని పరిశీలించేవారు అరుదు. మెకానిక్కులు దానిని డోర్ బీడింగ్ అంటారు. వాహనం కొత్తగా ఉన్నంతకాలం అది ఉన్నదన్న సంగతే ఎవరికీ తోచదు. వానలో వెళ్తుండగా ఒడిలోకి నీటిబొట్టు జారినప్పుడు, పక్కన పోయే లారీ హారన్ చెవిలోనే మోగినట్లు అనిపించినప్పుడు, మట్టిదారిన ప్రయాణించి దిగేసరికి తెల్లచొక్కా రంగు మారినప్పుడు దాని విలువ తెలిసివస్తుంది.

విజయవాడలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుని ఇంట 1988 నాటి అంబాసిడర్ కారు ఉన్నది. ఇంగ్లండుకు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ సంస్థ 1958 నుండి 2014 వరకు ఈ కారును తయారుచేసింది. మంత్రుల ఇళ్ల ముందూ, రైల్వే స్టేషన్ల ముందూ, పెళ్లిపందిళ్ల ముందూ ఒకే తీరుగా నిలిచిన కారు అది. ఉపాధ్యాయుని కారులో రెండు వానకాలాలుగా కాళ్లకింది మ్యాటు తడిసి ముక్కవాసన వేయసాగింది. “పాత ఇనుముకు అమ్మేద్దాం నాన్నా, ఇంకెన్నాళ్లు?” అన్నాడు కొడుకు. ఆయన బదులు పలకలేదు. మరునాడు కారును ఆటోనగర్‌కు తీసుకువెళ్లారు.

కొడుకు మాటను తోసిపుచ్చడానికి లేదు. వ్యక్తిగత వాహనాల రిజిస్ట్రేషన్ 15 సంవత్సరాలకు ముగుస్తుంది. ఆపైన వాహనాన్ని తనిఖీ చేయించి, ఐదేసి సంవత్సరాలకు పొడిగించుకోవాలి. నేల తుప్పుపట్టి చిల్లులు పడిన కారును తనిఖీకి తీసుకుపోయి ప్రయోజనం లేదు. మెకానిక్ మ్యాటు ఎత్తి, స్క్రూడ్రైవరుతో రేకును పొడిచి చూశాడు. ఒకచోట అది లోపలికి దిగిపోయింది. “ఇంకో రెండేళ్లు ఇలాగే వదిలేస్తే కాళ్లు కిందపెట్టి మనమే నడిపించాలి మాస్టారూ!” అన్నాడు.

నీరు లోపలికి రావడం కంటికి కనిపించే ప్రమాదం. కంటికి కనిపించనిది మరొకటి ఉన్నది. కారు పరుగెత్తుతున్నప్పుడు దాని వెనుక గాలి పీడనం తగ్గి, సైలెన్సరు నుండి వెలువడిన పొగ అక్కడే సుడులు తిరుగుతుంది. డిక్కీ చుట్టూ ఉన్న పట్టీ చీలి ఉంటే ఆ పొగ లోపలికి చొరబడగలదు. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే దానినే గట్టిగా పట్టుకుంటుంది. దూరప్రయాణంలో వెనుక సీటులోని పిల్లలకు తలనొప్పి వస్తే ఎండ దెబ్బ అనుకొని ఊరుకోవడం అన్నివేళలా మంచిది కాదు.

రబ్బరు ఎందుకు పాడవుతుంది? చెట్టు పాల నుండి వచ్చిన ముడి రబ్బరు ఎండకు జిగటగానూ, చలికి పెళుసుగానూ మారుతుంది. గంధకం కలిపి వేడిచేస్తే ఆ గుణం పోతుందని 1839లో అమెరికాకు చెందిన చార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొన్నాడు. గంధకం రబ్బరు అణువుల గొలుసులను ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. అందువల్లనే నొక్కిన రబ్బరు తిరిగి లేస్తుంది. అయితే గాలిలో కొద్దిగా ఉండే ఓజోను వాయువు ఆ గొలుసులలోని ద్విబంధాలను తెంచివేస్తుంది. వంపుల వద్ద సన్నని పగుళ్లు రావడానికి కారణం ఇదే. పైగా ఏళ్ల తరబడి తలుపు కింద అణగి ఉన్న పట్టీ తిరిగి లేచే శక్తిని కోల్పోతుంది. నేటి బీడింగులలో ఎక్కువభాగం ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరుతో చేసినవి. దాని ప్రధాన శృంఖలంలో ద్విబంధాలు లేనందున ఎండకూ ఓజోనుకూ బాగా తట్టుకుంటుంది.

మెకానిక్ వెంటనే పాత పట్టీని పీకలేదు. పది రూపాయల నోటును అంచున ఉంచి తలుపు వేసి, నోటును లాగి చూశాడు. పట్టీ బాగుంటే నోటు బిగిసి రావాలి. ముందు తలుపు వద్ద మూడుచోట్ల అది వెన్నలో కత్తిలా జారివచ్చింది. తరువాత తలుపును కొద్దిగా తెరిచి, పైకీ కిందికీ ఊపి కీళ్లను చూశాడు. కీళ్లు అరిగి తలుపు కుంగితే ఎంత ఖరీదైన పట్టీ వేసినా వృథాయే. చివరగా తలుపు అడుగున ఉన్న చిన్న రంధ్రాలలో సన్నని తీగ దూర్చాడు. అద్దం పక్క నుండి తలుపు లోపలికి దిగే నీరు ఆ దారినే బయటికి పోవాలి. మట్టితో అవి మూసుకుపోతే నీరు లోపలే నిలిచి రేకును తింటుంది. నీరు కారుతున్నదన్న కంగారులో ఆ రంధ్రాలను కూడా జిగురుతో మూసివేసేవారు ఉన్నారు. రోగం ఒకటైతే మందు మరొకటి!

పని అంతటిలో ఎక్కువ సమయం పట్టేది పాత పట్టీ తీసిన తరువాతనే. గట్టిపడిన జిగురును ప్లాస్టిక్ పలకతో గీకాలి. లోహపు పలక రంగును గీరుతుంది. పట్టీ కింద దాగిన తుప్పును గరుకు కాగితంతో రుద్ది, రెడ్ ఆక్సైడ్ పూసి, రంగు వేసి ఆరనివ్వాలి. ఈ పని పూర్తయ్యాక పట్టీ కింద మరుగున పడిపోతుంది. మంచి పనివాడు కనబడని చోట కూడా తొందరపడడు.

కొన్ని వాహనాలలో పట్టీ లోపలి లోహపు క్లిప్పులు చట్రం అంచును పట్టుకుంటాయి. కొన్నింట జిగురుతో అతికించాలి. జిగురైతే రెండు వైపులా పూసి, వేలికి అంటీ అంటనట్లు ఆరిన తరువాత నొక్కాలి. అతుకు తలుపు అడుగు భాగాన రావాలి. పైన వస్తే వాననీరు ముందుగా అక్కడే దారి వెతుక్కుంటుంది. అన్నిటికంటే ముఖ్యం, పట్టీని సాగదీయకూడదు. మూలల వద్ద కాస్త లోపలికి తోస్తూ అమర్చాలి. ముక్క చాలలేదని లాగి అతికిస్తే కొన్నాళ్లకు రబ్బరు తన పొడవుకు తాను వచ్చి, సరిగ్గా మూల వద్దనే సందు మిగులుస్తుంది. ఉపాధ్యాయుని పక్కన నిలబడిన కుర్రవాడు రెండో తలుపుకు చేసిన తప్పు ఇదే. మెకానిక్ ఏమీ అనకుండా ఆ పట్టీని ఊడదీసి, వేలెడు ఎక్కువ పొడవుతో మరో ముక్క కోసి అతని చేతికిచ్చాడు.

బీడింగు పని ఒక పూటలో ముగిసింది. నేల రేకుకు అతుకు వేయడానికి రెండు రోజులు పట్టింది. కొత్త పట్టీ బిరుసుగా ఉన్నందున తలుపు గట్టిగా వేస్తేగాని పడటం లేదు. కొడుకు గొళ్లెం సడలించమన్నాడు. “వద్దు బాబూ, నాలుగు రోజులు తలుపులు మూసే ఉంచండి, అదే సర్దుకుంటుంది. రబ్బరుకు ఇంజనాయిలు, గ్రీజు మాత్రం పూయకండి, ఉబ్బిపోతుంది,” అన్నాడు మెకానిక్. ఉపాధ్యాయుడు మ్యాటును వెంటనే పరవలేదు. తొలి వాన పడి, వెలిసి, వేలితో నేలంతా తడిమి చూసిన తరువాతనే పరిచారు.