మిరియం గింజంత నీళ్లకుండ

మిరియం గింజ మెడకు ఒక చుట్టు దారం అంటించి, ఇటుకరంగు పూస్తే నీళ్లకుండ అయిపోతుంది. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి మా పోపులపెట్టెలోకి నేను చూసే చూపే మారిపోయింది. మిరియాలు కుండలు, ఆవాలు తాటికాయలు, గులాబీరంగు పూసిన గసగసాలు ఉల్లిపాయలు. అగ్గిపుల్లలు రైల్వే స్లీపర్లు. వాడేసి ఎండబెట్టిన టీపొడి ప్లాట్‌ఫారం పక్క మట్టి. ఎన్నేళ్లుగానో ఇంట్లోనే ఉన్న వస్తువులివి. వీటితో ఒక ఊరిని, ఆ ఊరికి ఒక సంవత్సరాన్ని కూడా కట్టొచ్చని నాకు ఎవరూ చెప్పలేదు!

బొమ్మ రైలంటే గుండ్రటి పట్టాల మీద తిరిగే బండి అనే నాకు తెలుసు. విజయనగరంలో మా చిన్నాన్న వెనకగదిలో, ఆరడుగుల ప్లైవుడ్ చెక్క మీద చూసింది వేరు. అది నౌపడా స్టేషన్. ఇవాళ్టి నౌపడా కాదు, 1958 మే నెలలో నౌపడా. ఆ నెల ఎక్కడా రాసి లేదు. ప్లాట్‌ఫారం మీద ఉన్న ఒక్కో చిన్న వస్తువూ చెబుతుంది.

తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. పర్లాకిమిడి రాజావారు తమ ఊరిని మెయిన్ లైనుతో కలపడానికి నౌపడా నుంచి వేయించిన చిన్న రైలుమార్గం 1900 ఏప్రిల్ 1న మొదలైంది. టెక్కలి, టెంబూరు, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి, ఆ తర్వాతి కాలంలో గుణుపురం దాకా. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులు, అంటే 762 మిల్లీమీటర్లు. 2004లో ఆ చిన్న రైలు ఆగిపోయింది. ఇప్పుడక్కడ నడుస్తున్నది బ్రాడ్‌గేజ్. కాబట్టి చిన్నాన్న చెక్క మీద తిరుగుతున్నది మళ్లీ ఎక్కడా ఎక్కలేని బండి.

కొలత చూడండి, ఎంత చక్కగా కుదిరిందో! బొమ్మ రైళ్ల సరదా ఉన్నవాళ్లు ప్రపంచమంతటా ఎక్కువగా వాడే కొలత అసలులో 87వ వంతు. 762ని 87తో భాగిస్తే 8.76. బజారులో ఇంకా చిన్న రైళ్ల కోసం అమ్మే పట్టాలు 9 మిల్లీమీటర్లవి దొరుకుతాయి. పావు మిల్లీమీటరు తేడాతో పర్లాకిమిడి లైను వాటి మీద కూర్చుంటుంది. ఇంజన్‌కు కావలసిన చిన్న మోటారు విదేశం నుంచి తెప్పించాడు. దాని మీద బాడీ, వెనక పెట్టెలు ప్లాస్టిక్ అట్టతో కట్టుకున్నాడు. రైలు సంగతి అంతవరకే చాలు, ఎందుకంటే నేను గుడ్లప్పగించి చూసింది రైలును కాదు.

"ఏటి చిన్నాన్నా ఇవి?" అని ప్లాట్‌ఫారం కొసన ఎర్రగా మెరుస్తున్న నాలుగు చుక్కల్ని చూపించాను.

"ఇసక బకెట్లు రా. దగ్గరికొచ్చి సూడు" అని భూతద్దం చేతికిచ్చాడు.

నిజంగానే బకెట్లు! కరెంటు వైరు పై తొడుగుని మూడున్నర మిల్లీమీటర్లకు కోసి, అడుగున కాగితం ముక్క అంటించి, వైరు లోపలి రాగితీగల్లో ఒక్క పోగుతో చెయ్యి పెట్టాడు. లోపల నిజం ఇసకే, జల్లెడ పట్టిన మెత్తటిది. పక్కన గేటుగుమ్మం దగ్గర ముంజెలమ్మే ఆవిడ కూర్చుంది. ఆవిడ ముందు ఆవాల కుప్ప. తాటికాయ 87వ వంతయితే ఆవగింజంతే ఉంటుంది. రంగు కూడా వెయ్యక్కర్లేదు, నలుపు ముందే ఉంది. ఇంత సరిగ్గా ఎలా సరిపోయిందని నేను ఆ కుప్పనే చూస్తూ ఉండిపోయాను. ముంజెలున్నాయంటే ఎండాకాలం. నెల తెలిసిపోయింది.

సంవత్సరం ఇంకా అందంగా తెలుస్తుంది. టీ కొట్టు ముందు ఒక ధరల పలక వేలాడుతోంది, అగ్గిపుల్ల తలకంటే కొంచెం పెద్దది. అందులో అణాలూ ఉన్నాయి, నయాపైసలూ ఉన్నాయి. 1957 ఏప్రిల్ 1న నయాపైసలొచ్చాయి. అణాకి 6, రెండణాలకి 12, మూడణాలకి 19, నాలుగణాలకి 25 అని లెక్క కట్టుకుంటూ జనం కొన్నాళ్లు రెండు రకాల నాణేలూ వాడారు. మరి పార్శిల్ గది దగ్గర తూకం పలక? అక్కడ మణుగులూ వీశెలే ఉన్నాయి, కిలో మాట లేదు. మెట్రిక్ తూకాలు విడతలవారీగా అమల్లోకి రావడం మొదలైంది 1958 అక్టోబరులో. అంటే డబ్బు కొత్తది, తూకం పాతది. ఆ రెండూ ఒకే ప్లాట్‌ఫారం మీద కలిసే కాలం చాలా కొద్దిది. మే 1958 సరిగ్గా అందులో పడుతుంది. రెండు పలకలూ కలిపి నా గోరంత లేవు, అయినా ఆ రెండు పలకల మధ్య దేశం మారుతున్న తీరంతా ఉంది. చరిత్ర పుస్తకంలో ఇది చదివి నేను ఎన్నడూ ఇంత ఉప్పొంగిపోలేదు.

గోడ మీద మాయాబజార్ పోస్టరు. సినిమా విడుదలైంది 1957 మార్చి 27న. ఏడాది దాటిపోయింది కాబట్టి పోస్టరు వెలిసి ఉండాలి కదా. టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెట్టి, ఒక మూల చింపి అంటించాడు. అసలు పోస్టరు అడుగు అడుగున్నర కాగితమైనా, ఇక్కడ మూడున్నర మిల్లీమీటర్ల వెడల్పే వస్తుంది. అందులో ఘటోత్కచుణ్ణి గుర్తుపట్టాను. ఒట్టు.

పక్క లైన్లో నిలబడ్డ గూడ్సు పెట్టె దగ్గర నేను ఎక్కువసేపు ఆగిపోయాను. దాని మీద 'ఎస్.ఇ.' అక్షరాలు. సౌత్ ఈస్టర్న్ రైల్వే 1955 ఆగస్టు 1న పుట్టింది. అంతకుముందు 1952 నుంచి ఈ లైను ఈస్టర్న్ రైల్వే కింద ఉండేది, దానికి ముందు బెంగాల్ నాగపూర్ రైల్వే. చిన్నాన్న ఏం చేశాడంటే, ముందు 'బి.ఎన్.ఆర్.' అని రాసి, దాని మీద పల్చగా రంగు పూసి, ఆరాక పైన 'ఎస్.ఇ.' రాశాడు. లైటు ఏటవాలుగా వేస్తే కింది అక్షరాలు మసగ్గా పైకి తేలుతాయి. పెట్టె పాతదే, యజమాని మారాడు. అది చెప్పడానికి ఆయన వాడింది రెండు వెంట్రుకల కుంచె.

ఇక ఉప్పు. నౌపడా అంటే ఉప్పు మడులు, వాటిని వదిలేస్తే అది నౌపడాయే కాదు. నిజం ఉప్పే పోయొచ్చు కదా అనిపిస్తుంది. పొయ్యకూడదు. మన సముద్రతీరం గాలికి ఉప్పు చెమ్మ పీల్చుకుని కరుగుతుంది, పట్టాలకు తుప్పు పట్టిస్తుంది. అందుకని ముగ్గుపిండి. ఫెవికాల్‌లో నీళ్లు కలిపి, పిండిని కుప్ప పోసి, చుక్కలు చుక్కలుగా వదిలితే గట్టిపడుతుంది. మనిషికంటే ఎత్తు కుప్ప ఇక్కడ 23 మిల్లీమీటర్లు. వానలు దగ్గర పడుతున్నాయి కాబట్టి ఒక కుప్ప మీద తాటాకు కప్పడం సగం అయింది. అది నిజం తాటాకే, బ్లేడుతో దారంలా చీల్చి వరసలుగా పేర్చింది. రెండో కుప్ప ఇంకా తెల్లగా, కప్పు లేకుండా ఉంది. పని మధ్యలో ఆగినట్టుండటమే నాకు అన్నిటికంటే నచ్చింది. అయిపోయిన పనిలో మనుషులు కనబడరు.

ఆ మనుషులు రెండు సెంటీమీటర్లు కూడా ఉండరు. జర్మనీలో ప్రైజర్ అనే కంపెనీ ఈ కొలతలో మనుషుల్ని చేస్తుంది, వాళ్లలో కోట్లూ టోపీలూ వేసుకున్నవాళ్లున్నారు. టోపీ చెక్కేసి, అక్కడ దారం చుడితే తలపాగా. కోటు గీకేసి, నడుముకు టిష్యూ కాగితం జిగురుతో తడిపి చుడితే పంచె. మొదట పొందూరు ఖద్దరు పీలిక ప్రయత్నించాడట, వంద కౌంటు నూలుది. 87వ వంతు మనిషి మీద అదీ మోటుగానే ఉంది, నేత కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. అందుకే కాగితం. ఒకాయన భుజం మీద బుడితి ఇత్తడి బిందెల కావడి ఉంది. బిందెలు మిరియాలే, ఈసారి బంగారురంగు. సంక్రాంతి బొమ్మల కొలువులో పిల్లలు ఊరు కట్టినట్టే ఉంటుందిది, కాకపోతే కొలువులో రాముడి పక్కన రబ్బరు బాతు ఉన్నా చెల్లుతుంది. ఇక్కడ ఒక్క ప్లాస్టిక్ బకెట్ పెడితే చాలు, కాలం కూలిపోతుంది.

లేకుండా చూడటం కూడా పనే! ట్రంకుపెట్టె మీద చిరునామా రాస్తుంటే పక్కన కూర్చున్నాను. విజయనగరం అని రాసి ఆగాడు.

"జిల్లా ఏటి రాయాలి సెప్పు?"

విజయనగరం జిల్లా అనకూడదు. ఆ జిల్లా ఏర్పడింది 1979 జూన్ 1న. ఆ ట్రంకుపెట్టె వాళ్లది విశాఖపట్నం జిల్లా. నౌపడాది మాత్రం శ్రీకాకుళం జిల్లాయే, అది 1950 ఆగస్టు 15న ఏర్పడిపోయింది. పుట్టిన దగ్గర్నుంచి ఈ గడ్డ మీదే ఉన్నాను, ఈ లెక్క ఒక ట్రంకుపెట్టె నేర్పింది.

ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్లు ఎక్కడెక్కడో ఉన్నారని తెలిసి నా సంతోషం రెట్టింపయింది. ఆస్ట్రేలియా నుంచి ఇంగ్లండ్ వచ్చిన రాయ్ ఇంగ్లండ్ అనే ఆయన పల్లెల్లో పాత గడ్డికప్పు ఇళ్లు మాయమైపోతుంటే చూడలేక, వాటిని ఉన్నవి ఉన్నట్టు చిన్నగా కట్టడం మొదలుపెట్టాడు. పెండన్ మ్యూజియం అలా పుట్టిందే. 1920, 30ల నాటి ఒక లోయ అంతా అక్కడ ఉంది, తోటలో కూరమొక్కలతో సహా. మన తాటాకు ఇళ్లు, చెయ్యి సిగ్నళ్లు, ఉప్పు మడుల పక్క చిన్న రైలు ఇలాగే అక్కడక్కడా ఎవరింట్లోనో ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తోంది. పాతపట్నం స్టేషన్ ఎవరు కడతారు? టెక్కలి ఎవరు? శ్రీకాకుళం రోడ్ స్టేషన్ బయట నిలబడ్డ జట్కాల వరస?

నాకు ఒప్పజెప్పిన పని ఎడ్లబండి, స్టేషన్ వెనక ఉప్పు ఎత్తుకోవడానికి. చక్రం 17 మిల్లీమీటర్లు. ఆకులు చీపురుపుల్లలతో, ఇరుసు గుండుసూదితో. చక్రం చుట్టూ ఉండే ఇనప పట్టీకి మాత్రలట్ట వెనకాల రేకుని సన్నగా కొయ్యాలి. ఎడ్లు ఇంకా తేలలేదు. బజారులో దొరికేవి యూరప్ ఆవులు, వాటికి మూపురం ఉండదు. మైనంతో మూపురం పెట్టి, గంగడోలు కిందికి లాగాలి. కొమ్ముల కోసం చిన్నాన్న గోరింటాకు ముల్లు తెమ్మన్నాడు.